డీజిలు నిండా ఉండాది

సైన్యం ట్రక్కు నన్ను కొచ్చి జెట్టీ దగ్గర దింపేసరికి ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. నవంబరు. వాన. మా ఊళ్ళో కురిస్తే జనం వాకిట్లోకి వచ్చి చూసి మురిసిపోయేంత వాన. నా దగ్గర ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, ఒక తోలు సంచి. సంచిలో నా సొంత మల్టీమీటరు, ఎనిమిది స్క్రూడ్రైవర్లు, సోల్డరింగు కడ్డీ, రెండు చుట్టల తీగ. జేబులో మూవ్‌మెంటు ఆర్డరు. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: తెరచాప పడవల దళానికి మూడు నెలలు అటాచ్, పని ఇంజను మీటర్లు.

నేను హవల్దారును. ఇరవై రెండేళ్ళ సర్వీసంతా ట్రక్కుల, జీపుల డాష్‌బోర్డుల కింద తల దూర్చి గడిపినవాణ్ని. మా ఊరు అవినాశి పక్కన. ఎర్రమట్టి, పత్తి, బనియన్ల కంపెనీలు. సముద్రం అంటే మాకు బడి గోడ మీద మ్యాపులో నీలం రంగు, అంతే. ఇంట్లో తాతల కాలం నుంచీ తెలుగే. బడిలో తమిళం. పటాలంలో హిందీ. తెలుగు అక్షరాలు మాత్రం సికింద్రాబాదు ట్రైనింగులో బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఆ తర్వాత పుస్తకాల పిచ్చి పట్టింది కనుక ఇప్పుడిలా రాయగలుగుతున్నాను.

పడవ పొడవు నలభై అడుగులు. పొడవాటి స్తంభం, రెండు తెరచాపలు. లోపల ఆరు బంకులు, ఒక చిన్న వంటగది, మ్యాపుల బల్ల, రేడియో. నేల పలకల కింద ఒక డీజిల్ ఇంజను, దాని పక్కన నూట అరవై లీటర్ల ట్యాంకు. గాలి ఉంటే తెరచాపలు. గాలి లేకపోయినా, రేవులోకి రావాలన్నా, పోవాలన్నా ఇంజనే దిక్కు.

పడవ కెప్టెను ఒక మేజరు. పంజాబు మనిషి, ఎండకు కమిలిన ముఖం, మాటలు పొదుపు. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. నేను తడి బూట్లు విప్పేలోపే ఆమె నన్ను మీటర్ల పలక ముందు నిలబెట్టింది. మీటర్లు నాలుగు: డీజిలు, ఇంజను వేడి, ఆయిల్ ప్రెషరు, ఇంజను తిరిగే వేగం.

"డీజిలు ముల్లు ఫుల్ దగ్గరుంటే ట్యాంకు ఖాళీ అని అర్థం," అంది ఆమె హిందీలో. "ఖాళీ దగ్గరుంటే ఫుల్. రెండేళ్ళుగా మేము ఇలాగే చదువుకుంటున్నాం. వేడి ముల్లు దీపం వేస్తే పెరుగుతుంది. వేగం ముల్లు గెంతుతుంది. ఆయిల్ సంగతి దేవుడికి తెలియాలి."

"సరి చేస్తాను మేడమ్."

"పదిహేను రోజుల్లో లక్షద్వీపాలకు బయలుదేరుతున్నాం. రానూ పోనూ పదకొండు రోజులు. ఆరో బంకు మెకానిక్కుది." ఆమె చేతిలోని జాబితా చూపించింది. అయిదు పేర్లు పెన్నుతో ఉన్నాయి. ఆరోది నాది, పెన్సిలుతో. "మీ మీటర్లను నేను నమ్మగలిగితే ఆ బంకు మీది. లేకపోతే ఇంకొకరిని పిలిపించుకుంటాను."

అప్పటి నుంచి నాకు ఆ బంకు కావాలి. తిరునాళ్ళలో రంగులరాట్నం చూసిన పిల్లాడికి కావాలన్నట్టు కావాలి. ఎందుకంటే ఇరవై రెండేళ్ళలో నేను బాగుచేసిన బళ్ళన్నీ నన్ను వర్క్‌షాపు గేటు దగ్గర వదిలేసి వెళ్ళిపోయినవే. మంచు కొండలకు పోయాయి, ఎడారికి పోయాయి, నేను టాటా చెప్పి లోపలికి వచ్చి ఇంకో డాష్‌బోర్డు విప్పాను. ఒక్కసారైనా నేను బాగుచేసినది నన్ను ఎక్కించుకుని పోవాలి. నలభై దాటినవాడికి ఇది కాస్త సిగ్గుపడాల్సిన కోరికే, కానీ ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మిగతావాళ్ళు ఎవరంటే, రేడియో ఆపరేటరు, వంటవాడు, తెరచాపలు చూసే ఇద్దరు జవాన్లు. వంటవాడు గఢ్వాలు కొండల మనిషి. రేడియో ఆపరేటరు శ్రీకాకుళం జిల్లావాడు, అలల చప్పుడు వింటూ పెరిగినవాడు. పేరు అడిగి, నా నోట తెలుగు విని ఎగిరి గంతేశాడు. సాయంత్రం ఏడు గంటలకు మా ఆవిడ ఫోను చేసినప్పుడు పక్కనే కూర్చుని ఉన్నాడు. చేతులకు గ్రీజు ఉండి నేను స్పీకరు పెట్టాను.

"ఏంగ, నిజంగానే మిమ్మల్ని కప్పల్లో ఎక్కిస్తారా?" అంది మా ఆవిడ.

"మీటర్లు సరి చేస్తే ఎక్కిస్తారంట."

"అయ్యయ్యో. ఊటీ బస్సులోనే నాలుగు తావుల వాంతి చేసినారే, కప్పలు ఎక్కి ఏం చేస్తారు మీరు? పోయేటప్పుడు ఒక ఎలుమిచ్చకాయ జేబులో వేసుకోండి. తల తిరిగితే వాసన పట్టండి, సరియా?"

"సరి సరి."

ఫోను పెట్టేసరికి ఆపరేటరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అన్నా, వదిన నిన్ను కప్పలెక్కమంటాదేటి? నువ్వెక్కితే అవి సచ్చిపోవా?"

మా తెలుగులో కప్పలు అంటే ఓడ అని, అది తమిళం నుంచి మా నాలుకల మీదికి వచ్చిన మాట అని చెప్పాను.

"మరి కప్పనేటంటారు?"

"కప్పే."

"బెకబెకమనేదాన్నీ కప్పే, నీటి మీద పోయేదాన్నీ కప్పేనా?"

"ఒకటి కప్ప. ఇంకోటి కప్పలు. తేడా లేదా తంబీ?"

వాడు బంకు మీద పడి దొర్లి నవ్వాడు. వంటవాడికి హిందీలో చెప్పాడు, ఆ కొండమనిషి గరిటె పట్టుకునే నవ్వాడు. మర్నాటి నుంచి నా పేరు కప్పలన్న. ఇద్దరం ఒకే భాష మాట్లాడుతున్నామన్న ధీమాతో ఆ తేడాను అంతటితో మర్చిపోయాం. అది ఇంకో చోట కాటేస్తుందని మా ఇద్దరికీ తోచలేదు.

పని మొదలైంది. ఉదయం ఆరు నుంచి పన్నెండు, మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర. పడవ లోపల నిటారుగా నిలబడి చేసే పని ఒక్కటీ లేదు. అన్నీ మోకాళ్ళ మీద, పొట్ట మీద, ఒక్కోసారి తలకిందులుగా. ఉప్పుగాలి, డీజిలు వాసన, చెమట.

నాకు మీటరు ముల్లు మీద ఎప్పుడూ జాలే. తిట్లన్నీ దానికి, తప్పంతా తీగది. వేడి ముల్లుతో మొదలుపెట్టాను. ఇంజను ఒకే తీరుగా తిరుగుతుండగా ముల్లు డెబ్బై అయిదు చూపించింది. స్తంభం మీద దీపం వేస్తే ఎనభై అయిదు. ఫ్యాను కూడా వేస్తే తొంభై. దీపం వేస్తే ఇంజను ఎందుకు వేడెక్కుతుంది? వేడెక్కదు. పలక వెనక చూస్తే మీటర్లన్నిటి ఎర్తు తీగలు, దీపాల ఎర్తు తీగలు కలిసి ఒకే స్క్రూ కింద నలుగుతున్నాయి. ఆ స్క్రూ ఉప్పుకి పచ్చగా చిలుము పట్టి ఉంది. పది మంది ఒకే తలుపులోంచి బయటికి తోసుకున్నట్టు ఉంది లోపల. మీటర్లకు వేరే మందపాటి తీగ లాగి నేరుగా బ్యాటరీకి కలిపాను. దీపం వేశాం, ఫ్యాను వేశాం, వంటవాడు తన సరదా కొద్దీ లోపలి దీపాలన్నీ వేశాడు. ముల్లు డెబ్బై అయిదు దగ్గరే కూర్చుంది.

వేగం ముల్లు గెంతడానికి కారణం వదులైన బెల్టు. రెండు బోల్టులు, పది నిమిషాలు. ఆయిల్ ముల్లును వేరే గేజీ పెట్టి సరిచూశాను. అది మొదటి నుంచీ నిజమే చెబుతోంది. పక్కన మూడు అబద్ధాలు ఉండేసరికి దాని మాట ఎవరూ వినలేదు పాపం. దానికి నేను సెల్యూట్ కొట్టాను, వంటవాడు చూసి నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

ఇక డీజిలు. ట్యాంకు మూత పక్కనుంచి సెండరును బయటికి తీశాను. సెండరు అంటే ఒక కడ్డీ, దాని చివర డీజిలు మీద తేలే ఒక బెండు. బెండు లేస్తూ దిగుతూ ఉంటే తీగలో కరెంటుకు అడ్డు మారుతుంది, దాన్ని బట్టి ముల్లు కదులుతుంది. మల్టీమీటరు పెట్టి చూశాను. బెండు కిందికి దించితే పది ఓములు. పైకెత్తితే నూట ఎనభై. పలక మీది మీటరు వెనక మాత్రం ఇంకో లెక్క ఉంది: ఖాళీకి రెండు వందల నలభై, ఫుల్‌కి ముప్పై మూడు. ఎవరో పాతది చెడిపోతే చేతికి దొరికింది బిగించేశారు. మీటరుది ఒక దేశపు లెక్క, సెండరుది ఇంకో దేశపు లెక్క. అందుకే ఒకటి అవునంటే ఇంకొకటి కాదంటోంది.

సరైన సెండరు కోయంబత్తూరులో నా స్నేహితుడి కొట్టులో దొరికింది. అతను దాన్ని పొల్లాచ్చి దాకా తెచ్చి, ఒట్టన్‌చత్రం సంత నుంచి కొచ్చికి కూరగాయలు తోలే మా బావమరిది లారీలో పెట్టాడు. ఏడో రోజు ఉదయం తొమ్మిదింటికి జెట్టీ గేటు దగ్గర బావమరిది దిగాడు. సెండరుతో పాటు ఒక కట్ట మునగకాయలు, చిన్నుల్లిపాయలు, మా ఆవిడ చుట్టిన మురుకులు. వంటవాడు మునగకాయను అటూ ఇటూ తిప్పి, ఇది కొరకాలా, చప్పరించాలా అని అడిగాడు. ఆ మధ్యాహ్నం సాంబారుకు అయిదుగురం రెండేసి సార్లు వడ్డించుకున్నాం.

సెండరు బిగించాను. బెండు చేత్తో కిందికి దించితే ముల్లు ఖాళీ. పైకెత్తితే ముల్లు ఫుల్. మేడమ్‌కు రిపోర్టు చేశాను. "ఇక తలకిందులు లేదు మేడమ్. ఉన్నదే చూపిస్తుంది."

"సముద్రం మీద చూద్దాం," అంది.

ఎనిమిదో రోజు పరీక్ష ప్రయాణం. మూడు గంటల పని. ఒక గంట ఇంజను, రెండు గంటలు తెరచాపలు. అయిదూ నలభైకి నేను నేల పలక తీసి ఇంజను గుంటలో తల పెట్టి ఉన్నాను. అంతకు ముందే మీటర్ల పలక చూశాను, డీజిలు ముల్లు సగం దగ్గర ఉంది. సగం అంటే ఎనభై లీటర్లు. ఇంజను గంటకు నాలుగు లీటర్లు తాగుతుంది. మూడు గంటలకు పన్నెండు. చాలినంత కంటే ఎక్కువే.

పైన మ్యాపుల బల్ల దగ్గర ఆపరేటరు లాగ్‌బుక్ తెరిచి అరిచాడు. "కప్పలన్నా, డీజిలేటి?"

"నిండా ఉండాది తంబీ. పోలాం," అని అరిచాను.

వాడు రాసుకున్నాడు. ఆరింటికి తాళ్ళు విప్పాం.

రేవు నోరు దాటగానే పడవ కింద సముద్రం మెల్లగా లేవడం, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అల అనడానికి లేదు, గాలి అనడానికి లేదు. ఆరూ యాభైకి నేను బంకులో ఉన్నాను. నా చేతుల్లో ఒక బకెట్టు ఉంది. జేబులో మా ఆవిడ చెప్పిన నిమ్మకాయ ఉంది, దాని వాసన చూస్తే ఇంకా ఎక్కువైంది. ఊటీ బస్సు ఇంతకంటే వెయ్యి రెట్లు నయం.

తెరచాపలు వేలాడిపోయాయి. మేడమ్ లాగ్‌బుక్ చూసింది. "గాలి లేదు. డీజిలు ఫుల్ ఉంది. అయితే ఈ రోజంతా ఇంజనుకే పరీక్ష." దక్షిణంగా ఇరవై అయిదు మైళ్ళు పోయారు. పదకొండింటికి వెనక్కి తిరిగారు. నాకు ఇవేవీ తెలియవు. నాకు తెలిసింది బకెట్టు అడుగు ఒక్కటే.

మధ్యాహ్నం రెండింటికి చక్రం పట్టుకున్న జవాను అన్నాడట. "మేడమ్, ముల్లు ఖాళీ దగ్గరికి వచ్చింది."

"లాగ్‌బుక్ ఫుల్ అంటోంది. ఈ ముల్లు మాటకేం, రెండేళ్ళుగా ఇంతే. బాగయిందన్నాడు గానీ అయినట్టు లేదు. పోనివ్వు."

రెండేళ్ళలో మొదటిసారి ఆ ముల్లు నిజం చెబితే వినే దిక్కు లేకపోయింది. నమ్మించాల్సిన మనిషి బకెట్టును కౌగిలించుకుని పడుకున్నాడు.

మూడూ ఇరవైకి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు ఠక్కున మెలకువ వచ్చింది. పైనుంచి మేడమ్ గొంతు. "ఇంజన్ రూమ్, రిపోర్ట్!" వాంతి ఎటు పోయిందో తెలియదు. మూత తీసి టార్చి వేశాను. ట్యాంకు అడుగు కనిపించింది, తళతళ మెరుస్తూ.

"డీజిలు అయిపోయింది మేడమ్."

"వెనక డబ్బా ఉంది, పొయ్యండి," అంది.

వెనక కట్టిన పది లీటర్ల డబ్బా తెచ్చి పోశాను. డీజిలు ఇంజను ఒకసారి ఎండితే పైపుల్లో గాలి చేరుతుంది, మళ్ళీ డీజిలు పోసినా లేవదు. ఒక్కో నట్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి ఒట్టి డీజిలు వచ్చేదాకా చూసి బిగించాలి. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మూడూ నలభై అయిదుకి ఇంజను లేచింది. రేవు నోటికి ఇంకా నాలుగు మైళ్ళు. నాలుగూ నలభైకి జెట్టీకి కట్టాం. ఎవరికీ ఏమీ కాలేదు. నా బంకు మాత్రం అప్పటికే సముద్రంలో పడిపోయిందని నాకు రూఢి అయిపోయింది.

మేడమ్ లోపల బల్ల దగ్గర కూర్చుంది. నేను, ఆపరేటరు ఎదురుగా నిలబడ్డాం. లాగ్‌బుక్ మా వైపు తిప్పింది. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ఫుల్ అని.

"ఇది ఎవరి మాట?"

"హవల్దార్ సాబ్ చెప్పినాడు మేడమ్," అన్నాడు ఆపరేటరు.

నాకు చుర్రుమంది. తెలుగులోనే అరిచాను. "ఫుల్ అని నేను ఎప్పుడు చెప్పినాను రా?"

"నిండా ఉండాది అన్నావు కదేటి! ఈ సెవులతో ఇన్నాను."

"అవును, నిండా ఉండాది అన్నాను. నిండా!"

"నిండా అంటే ఫుల్లు కాదేటి?"

"నిండా అంటే నిండా రా. శానా. ఎక్కువ. సగం ట్యాంకు ఉండాది, మూడు గంటలకు నిండా అని."

వాడు నన్ను చూశాడు. నేను వాణ్ని చూశాను. అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ. మా వైపు నిండా అంటే చాలా అని. నిండా జనం, నిండా ఎండ, నిండా సంతోషం. వాడి ఊళ్ళో నిండా అంటే అంచు దాకా.

"అందుకేటి," అన్నాడు వాడు మెల్లగా, "మొన్న పులుసులో ఉప్పు నిండా ఉండాదంటే, గిన్నె నిండా ఉప్పేటిరా బాబూ, ఈ మనిషి అలాగంటాడు అనుకున్నాను."

"హిందీలో," అంది మేడమ్.

ఇద్దరం కలిసి చెప్పాం, ఒకరి మాట మీద ఒకరు పడుతూ. ఆమె విన్నది. "మీ ఇద్దరిదీ ఒకే భాష కదా?"

"అవును మేడమ్," అన్నాడు వాడు.

"కాదు మేడమ్," అన్నాను నేను.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. వంటగదిలో ఏదో గిన్నె కింద పడింది, వంటవాడు నవ్వు ఆపుకోలేక వదిలేశాడు. మేడమ్ పెదవి కూడా ఒక పక్క కదిలింది. తర్వాత ఆమె పెన్సిలు తీసింది. "సరే. సగం అంటే ఎనభై లీటర్లు. తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు కాలింది ముప్పై ఏడు. మిగతా నలభై మూడు ఎక్కడ, హవల్దార్?"

మాట మీద తప్పు తోసి బయటపడదామని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ నలభై మూడు లీటర్లకు మా తెలుగు జవాబుదారీ కాదు. నేలపలక తీసి ట్యాంకును మళ్ళీ చూశాను. ట్రక్కు ట్యాంకు పెట్టెలా నలుచదరంగా ఉంటుంది. ఇది పడవ పొట్టతో పాటు కిందికి సన్నబడుతూ పోయింది. పైన వెడల్పు, అడుగున చేతిమందం. ఎత్తులో సగం అంటే డీజిలులో సగం కాదు, పావు వంతు. ఇరవై రెండేళ్ళు పెట్టెలు చూసిన కళ్ళు దీన్నీ పెట్టె అనుకున్నాయి.

"తప్పు నాది మేడమ్. ముల్లు సగం ఎత్తు చూపించింది. నేను సగం డీజిలు అని చదివాను. ట్యాంకు ఆకారం చూడలేదు."

ఆమె జాబితా తీసింది. నా పేరు మీద పెన్సిలు ఆన్చి పట్టుకుంది. "మూడు రోజులు ఇస్తున్నాను. నాలుగో రోజు ఉదయం మీరు లేకుండా ట్యాంకులో నాకు తోచినంత పోయిస్తాను. ఎన్ని లీటర్లో మీరు చెప్పాలి. రెండు లీటర్లకు మించి తేడా వస్తే జెట్టీ మీద నిలబడి మాకు చెయ్యి ఊపుతారు."

చెయ్యి ఊపడం నాకు బాగా అలవాటైన పనే. ఇంక ఊపకూడదనుకున్నాను.

మా నాయన బావి మీద డీజిలు ఇంజను నడిపేవాడు. దానికి మీటరు లేదు. వెదురు పుల్ల ముంచి, తడి ఎంత దాకా ఉందో వేలితో చూసి, రెండు మళ్ళు తడుస్తాయి, మూడు మళ్ళు తడుస్తాయి అని చెప్పేవాడు. నేనూ అదే చేశాను. జెట్టీ మీద పారేసిన జెండా కర్ర ఒకటి దొరికింది, వెదురుది. చీల్చి, చదును చేసి, ఇసుక కాగితంతో రుద్దాను. ట్యాంకు పూర్తిగా తోడేశాం. అయిదు లీటర్ల కొలత డబ్బాతో ఒక డబ్బా పోసి, అల నెమ్మదించేదాకా ఆగి, పుల్ల ముంచి, తడి అంచు మీద కత్తితో గాటు. మళ్ళీ డబ్బా, మళ్ళీ గాటు. అడుగున గాట్లు దూరదూరంగా పడ్డాయి, పైకి పోతున్న కొద్దీ దగ్గర దగ్గరగా. మొత్తం ముప్పై రెండు గాట్లు. నాకు నమ్మకం చాలక తోడేసి మళ్ళీ పోశాను. రెండోసారీ అవే గాట్లు. మీటరు అద్దం మీద కూడా సన్నటి బ్రష్షుతో అసలు లీటర్లు రాశాను. సగం గీత పక్కన నలభై అని.

ఆపరేటరు మూడు రోజులూ డబ్బాలు మోశాడు. మధ్యలో ఒకసారి పుల్ల చూపించి అడిగాడు. "ఇదేటన్నా, నీ నిండానా, నా నిండానా?"

"ఇది పుల్ల. దీనికి తెలుగు రాదు," అన్నాను.

నాలుగో రోజు ఏడింటికి నన్ను గేటు బయట టీ కొట్టుకు పంపించారు. ఏడున్నరకు పిలిచారు. పడవలో అందరూ ఉన్నారు. వంటవాడు నాకు టీ గ్లాసు ఇచ్చాడు, బల్ల మీద పెట్టాను. చూస్తే గ్లాసులో టీ ఒక పక్కకు వాలి ఉంది. పడవ వాలింది. నీళ్ళ డబ్బాలన్నీ ఎడమ పక్కకు చేర్చి, జవాన్లిద్దరూ కూడా పడవ ఎడమ అంచున కూర్చున్నారు, ఏమీ ఎరగనట్టు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. వాలిన ట్యాంకులో పుల్ల ముంచితే తప్పు చెబుతుంది, ఆమెకు అది తెలుసు.

"మేడమ్, డబ్బాలు కుడి పక్కకు సగం మార్చాలి. అందరూ పడవ నడుమకు రావాలి."

అందరినీ నడుమ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాను. వంటవాడు పప్పు పొయ్యి మీద ఉందని గొణిగాడు. మేడమ్ కూడా వరసలో నిలబడింది. టీ సమంగా నిలిచేదాకా చూశాను. పుల్ల ముంచాను. తీశాను. పద్నాలుగు గాట్లు దాటి రెండు నూలు పోగులంత తడి.

"డెబ్బై రెండు," అన్నాను.

మేడమ్ జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆపరేటరుకు ఇచ్చింది. వాడు చదివాడు. ముందు మనసులో చదివాడు, తర్వాత పైకి. "డెబ్బై ఒకటిన్నర!"

వాడే నన్ను ఎత్తాడు. తల పైపలకకు కొట్టుకుంది. నాకు నొప్పి కూడా తెలియలేదు. మేడమ్ జాబితా బల్ల మీద పెట్టి నా పేరు మీద పెన్నుతో రాసింది. పెన్సిలు గీత చెరపలేదు, దాని మీదే రాసింది.

"సామాను సర్దుకోండి. ఇంకో విషయం. ఇక మీదట డీజిలు గాట్ల లెక్కలోనే చెప్పాలి, అంకెల్లో చెప్పాలి, హిందీలో చెప్పాలి. తెలుగులో చెప్పడానికి ఇద్దరికీ అనుమతి లేదు."

మూడు రోజుల తర్వాత ఏడింటికి బయలుదేరాం. ట్యాంకు ముప్పై రెండు గాట్లు. ఆరో బంకులో నా బెడ్డింగు. మా ఆవిడకు ఫోను చేస్తే, "సరే, పోయి రాండి. కడుపులో ఏం ఉన్నా బయటికి వస్తాది, కప్పల్లోంచి మీరు మాత్రం పడొద్దు," అంది. గొంతులో ఏడుపు లేదు, నవ్వు ఉంది. మొదటి రెండు రోజులు ఆమె చెప్పినట్టే అయింది. మూడో రోజు నుంచి ఆ పడవలో అందరికంటే ఎక్కువ తిన్నది నేనే. దీవులు చూశాను. చెబితే నమ్మరు గానీ, ఆకుపచ్చ అద్దంలాంటి నీళ్ళలో నా పాదాల గోళ్ళు కూడా కనిపించాయి. పదకొండో రోజు మధ్యాహ్నం కొచ్చి జెట్టీకి తిరిగి వచ్చాం. లాగ్‌బుక్‌లో డీజిలు లెక్క ఒక్కచోటా కొట్టివేత లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే సర్వీసు అయిపోయి ఇంటికి వచ్చాను. ఇప్పుడు అవినాశి బస్టాండు వెనక నాకు మీటర్లు బాగుచేసే కొట్టు ఉంది. లారీలు, ట్రాక్టర్లు, బనియన్ల కంపెనీ జనరేటర్లు. కొట్టు ముందు టీ తాగడానికి కూర్చున్నవాళ్ళు అడుగుతారు.

"మిలిటరీలో ఉండారే, గుండు చప్పుడు విన్నారా? శత్రువును చూసినారా?"

"సముద్రం చూసినాను," అంటాను. వాళ్ళకు రుచించదు. ఇంకేదైనా చెప్పమంటారు. నేను చెప్పేది మాత్రం ఇదే, ఎందుకంటే కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఇదొక్కటే.

మేము బయలుదేరిన ఉదయం. ఎనిమిదీ యాభై. రేవు వెనకబడింది, పడమర అంతా నీళ్ళు. గాలి వచ్చింది. జవాన్లు తాళ్ళు లాగారు, తెరచాపలు ఠపీమని విచ్చుకున్నాయి. మేడమ్ నా వైపు చూసి, "ఇంజన్ ఆపండి," అంది. నేను తాళం చెవి తిప్పాను. వేగం ముల్లు పడిపోయింది. ఆయిల్ ముల్లు పడిపోయింది. వేడి ముల్లు, డీజిలు ముల్లు. నాలుగూ సున్నా మీద వాలిపోయాయి. నా జీవితమంతా నాలుగు ముళ్ళూ సున్నా మీద పడితే బండి చచ్చినట్టు లెక్క, దిగి బానెట్ ఎత్తాల్సిందే. అలవాటు కొద్దీ లేవబోయాను. చప్పుడు లేదు, పొగ లేదు, ఒక్క ముల్లూ కదలడం లేదు. పడవ మాత్రం ఒక పక్కకు ఒరిగి నీళ్ళను చీల్చుకుంటూ పోతోంది, నన్ను ఎక్కించుకుని.